ఏడో వరుసలో ఖాదర్‌బీ

జూన్ 16, సోమవారం

ఆత్మకూరులో ఐదున్నర బస్సు. ఉదయగిరి చేరేసరికి ఎండ అప్పుడే కొండ దిగి రేకుల షెడ్డు మీద కూర్చుంది. లోపల పదకొండు మంది ఆడవాళ్ళు, నేల మీద గోనెపట్టాలు, చుట్టూ చెక్కపొట్టు. చెంచాలు, గరిటెలు, ఫోర్కులు. నేను వెళ్ళగానే బాడిశల చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది.

సొసైటీ కార్యదర్శి కోటేశ్వర్ పరిచయం చేశాడు. "ఈ మేడం ఎమ్మెస్సీ. మన పనంతా కంప్యూటర్లో పెడతాది. ఏ చెక్క ఎప్పుడు రావాల, ఏ గరిటె ఎప్పటికి తెమలాల, అంతా అదే చెప్తాది."

"అయితే మేము ఇంటికి పోవచ్చునా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

జూలై 31 వరకు కాంట్రాక్టు. పని నచ్చితే ఏడాది పొడిగింపు.

పద్నాలుగేళ్ళు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పాను. ఆ గ్రూపే ఎత్తేశారు. స్టాఫ్‌రూం గోడ మీద జాబితా అంటించి, నా పేరు ఎదురుగా "విద్యార్థులు: 4" అని రాశారు. అది ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తెలియదు.

జూన్ 18, బుధవారం

పట్టికల పని మొదలైంది. వస్తువులు ఒక పట్టిక. చెక్క ఒకటి. పని దశలు ఒకటి: కోత, బాడిశతో రూపు, ఆకురాయి, గరుకు కాగితం. పనివాళ్ళు ఒకటి. ఆర్డర్లు ఒకటి. ఒకదాని వరుస ఇంకోదాని వరుసను పట్టుకుని ఉండాలి. ఏ గరిటె ఏ చెక్కది, ఎవరు చేసింది, ఏ ఆర్డరుకు పోయింది. గొలుసు తెగకూడదు.

పనివాళ్ళ పట్టికలో గడులు: సంఖ్య, పేరు, రోజుకు ఎన్ని, చేరిన తేదీ, మానిన తేదీ, మానిన కారణం. మనిషి మానేస్తే తేదీ తప్పనిసరి. కారణం తప్పనిసరి కాదు. నింపాల్సిన గడులు ఎన్ని తక్కువుంటే పని అంత తొందరగా తెములుతుంది.

చెక్క తెచ్చేది సీతారామపురం మస్తానయ్య. కబురు పెడితే ఎన్ని రోజులకు సరుకు వస్తుందని అడిగాను. ఆ అంకె లేకపోతే పట్టిక కుంటిది.

"తెచ్చిన రోజుకు తెస్తానమ్మా."

"అట్లా కాదు. రెండా, మూడా?"

"కండక్టరు మంచోడైతే రెండు. కాకపోతే అయిదు. మూటలు బస్సు పైన ఎయ్యనియ్యాల గదా."

"సగటున?"

"సగటు కండక్టరు ఎవుడుండాడమ్మా ఈ రూట్లో?"

మూడున్నర అని రాసుకున్నాను. ఇంటికి వచ్చి మా ఆయన మల్లికార్జునకు చెబితే అరగంట నవ్వాడు. ఆయన ఆర్టీసీ డిపోలో స్టోరు చూస్తాడు కాబట్టి కండక్టర్లందరూ తెలుసు. చాలా రోజులకు మా ఇంట్లో నవ్వు.

జూన్ 20, శుక్రవారం

రోజుకు ఎవరెన్ని చేస్తారో పాత పుస్తకంలో ఉంది. కోటేశ్వర్ మూడేళ్ళ పుస్తకాలు ఇచ్చాడు. దిల్షాద్ బేగం 12. నగ్మా 12. శీనమ్మ 12. ఖాదర్‌బీ 12. పదకొండు మందికీ, ప్రతిరోజూ, పన్నెండు.

దిల్షాద్ బేగం వీళ్ళకు పెద్దదిక్కు, యాభై దాటింది; అక్క అన్నట్టు ఆపా అని పిలుస్తారు. ఆమె చెయ్యి చూశాను. ఉలి ఆగదు. నగ్మాకు ఇరవై నాలుగు, ఆమె చెయ్యి ఇంకా వేగం. ఖాదర్‌బీకి డెబ్బై పైన. ఏడో పట్టా ఆమెది. వీళ్ళలో ఎక్కువమందికి ఉలి పట్టడం నేర్పింది ఆమేనట. అమ్మమ్మను పిలిచినట్టు అందరూ నానీ అంటారు.

ముగ్గురికీ పన్నెండు.

తేడా సున్నా. మూడేళ్ళలో ఒక్కరోజైనా పదమూడు లేదు, పదకొండు లేదు. చెట్టుకు ఆకులు కూడా ఇలా రావు.

జూన్ 21

ఆ సున్నా నాకు నచ్చలేదు.

జూన్ 25, బుధవారం

సాయంత్రం ఐదింటికి చేసినవన్నీ మధ్యలో ఒక దుప్పటి మీద పోస్తారు. దిల్షాద్ ఆపా కూర్చుని పదకొండు కుప్పలు పెడుతుంది. ఒకదాంట్లోది తీసి ఇంకోదాంట్లో వేస్తుంది. చివరికి అన్నీ సమానం. కోటేశ్వర్ వచ్చి పుస్తకంలో రాసుకుంటాడు. కూలీ కూడా సమానమే.

సైజుల వారీగా సర్దుతోందని అనుకుంటాను. పెద్దవీ చిన్నవీ కలవకుండా.

అలాగే అనుకుంటాను.

జూన్ 30, సోమవారం

బెంగళూరు కంపెనీ మూడు వేలు అడుగుతోంది. ఆగస్టు 20 గడువు. ఇది నిలబెట్టుకుంటే ఏడాదంతా ఆర్డర్లు. కానీ వాళ్ళకు ప్లాను కావాలి. మనిషికి రోజుకు ఎన్ని, ఎవరు ఏ వస్తువు, ఏ రోజుకు ఎన్ని సిద్ధం, అన్నీ అంకెల్లో.

ఇంకోటి ఉంది. షెడ్డుకు నిధులిచ్చిన సంస్థ నిబంధన. నెల సగటు రోజుకు ఎనిమిది కన్నా తగ్గితే సభ్యత్వం పోతుంది. కోటేశ్వర్ మామూలుగానే చెప్పాడు. "అది మనకు రాదులే మేడం. అందురూ పన్నెండే గదా."

"అందరూ పన్నెండు ఎట్లా చేస్తారు కోటేశ్వర్ గారూ?"

అతను నా ముఖం చూసి పుస్తకం మూశాడు. తరవాత అన్నాడు: "మీరే కనుక్కోండి. లెక్కల మేడం మీరు గదా."

జూలై 2, బుధవారం

దిల్షాద్ ఆపా నన్ను షెడ్డు వెనక్కి పిలిచింది. చెక్కలు ఆరబెట్టే చోటు. ఇద్దరం నిలబడే మాట్లాడుకున్నాం.

"ఎవురెన్ని చేస్తుండారో తీస్తావంట?"

"ప్లానుకు కావాలి ఆపా."

"పన్నెండు రాసుకో. మొత్తం నూటా ముప్పై రెండు. అది తప్పదు. దానికి నేను పూచీ. ఎవురు ఎన్ని అని నీకెందుకమ్మా?"

ఆపా ఒకసారి షెడ్డు వైపు చూసి గొంతు తగ్గించింది.

"మూడేండ్లయింది నానీ చెయ్యి వణకబట్టి. ఉలి నిలవదు. మేమంతా తలా ఒకటో రెండో ఎక్కువ చేసి ఆమె కుప్పలో ఏస్తుండాం. ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. ఎవురూ ఎవురికీ చెప్పుకోలా. ఇంట్లో ఆమెకు గోడ తప్ప ఎవురుండారు? పొద్దున వచ్చి మా మధ్యలో కూసుంటాది. నువ్వు దాన్ని తీసి బయట పెడితే పట్టా మీద కూసోను ఆమెకు యాడ చోటు ఉండాది?"

"చూస్తాను ఆపా," అన్నాను.

నిజమే చెప్పాను. చూస్తాననే అన్నాను.

జూలై 5, శనివారం

సెలవుల పట్టిక నింపడానికి, నెల్లూరు చెరువులో మొక్కుల రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే రొట్టెల పండుగకు ఎవరు ఎన్ని రోజులు పోతారని అడిగాను. మూడు అన్నారు, నాలుగు అన్నారు, ఖాదర్‌బీ "చెరువు నన్ను వదిలినప్పుడు వస్తాను" అంది. అందరూ కలిసి వింజమూరు పోయి అక్కడ నెల్లూరు బస్సు ఎక్కుతారట. నాలుగు అని రాశాను.

జూలై 10, గురువారం

దిల్షాద్ ఆపా గుడ్డలో చుట్టిన రొట్టె ముక్క తెచ్చింది. ఎండిపోయి అప్పడంలా ఉంది.

"ఉద్యోగం రొట్టె. నీకే."

నాకు అర్థం కాలేదు.

"నీ కాంట్రాక్టు నెలాఖరుకు అయిపోతుండాదంట గదా, కోటేశ్వర్ చెప్పినాడు. నిలవాలని మొక్కి పట్టినాం. నెల్లూరు చెరువులో ఆ జనంలో నిలబడింది నానీయే. మేమంతా మా మొక్కులకు తిరుగుతుంటే ఆమె నీకోసం మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఉద్యోగం వచ్చినాయన ఎవురో ఇస్తుంటే పట్టింది."

ఖాదర్‌బీ ఏడో పట్టా మీద నుంచి అరిచింది: "తినమ్మా! మళ్ళీ ఏడు నువ్వు పోయి ఇంకొకరికి ఇయ్యాల. ఊరికే తిని మూతి తుడుచుకుంటే కుదర్దు!"

అందరి ముందే తిన్నాను. గొంతులో అడ్డం పడితే నీళ్ళు కూడా ఆమే ఇచ్చింది. గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికి సగం నీళ్ళు నా చీర మీద ఒలికాయి. "పెళ్ళికూతుర్ని చేసినా," అని నవ్వింది.

జూలై 12, శనివారం

కోటేశ్వర్ రెండుసార్లు ఫోను. బెంగళూరు వాళ్ళు పాత పుస్తకం చూసి అడిగారట, ఇదేం లెక్క అని. అందరికీ ఒకే అంకె ఉంటే అసలు లెక్క పెట్టలేదని అర్థం కదా అని.

నేనూ అదే అనేదాన్ని, పరీక్ష పేపర్లో ఒక పిల్ల ఇలా రాస్తే.

మల్లికార్జునను అడిగాను. "నువ్వు తియ్యకపోతే ఇంకొకరిని పెట్టి తీయిస్తారు," అన్నాడు. ఆ మాట పట్టుకుని నిద్రపోయాను.

జూలై 14, సోమవారం

పొద్దున్నే ఒక్కొక్కరికి ఇరవై చెక్కలు, అయిపోయినవాళ్ళకు మళ్ళీ; వాటి మీద పెన్సిలుతో వాళ్ళ సంఖ్య. నేను షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒకరి చెక్క ఇంకొకరు ముట్టుకోవద్దని నేను చెప్పలేదు. కూర్చున్నానంతే.

ఎవరూ ముట్టుకోలేదు.

జూలై 15

కూర్చున్నాను.

జూలై 16, బుధవారం

ఖాదర్‌బీ మూడు రోజులుగా ఒకే చెక్కను తిప్పుతోంది. పక్కన పందొమ్మిది అలాగే ఉన్నాయి. నిన్న నాతో అంది: "ఈ చెక్క నాతో మాట్లాడతా ఉండాది, కొయ్యనీదు." ఎవరూ నవ్వలేదు.

ఇవాళ మధ్యాహ్నం ఆమె చెక్క మీద ఉలి ఆనించింది. అందరి చేతులూ ఆగాయి. నా చేతులూ. ఉలి జారి బొటనవేలు కింద తెగింది. దిల్షాద్ ఆపా లేచి పైట చింపి కట్టింది. నా వైపు చూడలేదు. నగ్మా ఒక్కతే చూసింది.

చెక్కకు రక్తం అంటింది. పట్టికలో అలాంటి చెక్కకు ఒక గడి ఉంది.

07. పూర్తయినవి: 0. తిరస్కరణ: 1.

రాశాను.

జూలై 19, శనివారం

ఆరు రోజుల సగటు. దిల్షాద్ 19. నగ్మా 17. ఎనిమిది మంది పదికీ పద్నాలుగుకూ మధ్య. ఖాదర్‌బీ 0. మొత్తం నూటా ముప్పై రెండు. ఆపా చెప్పినట్టే, ఒక్కటి కూడా తేడా లేదు.

దాంతో ప్లాను దానంతట అదే కూర్చుంది. లోతు గరిటెలు దిల్షాద్‌కు, ఫోర్కులు నగ్మాకు, చిన్న చెంచాలు మిగతావాళ్ళకు. ఏ రోజు ఏ చెక్క, మస్తానయ్యకు ఏ రోజు కబురు, అన్నీ. గొలుసు ఎక్కడా తెగలేదు. ఇంత శుభ్రమైన పని నేను కాలేజీలో కూడా చెయ్యలేదు.

ఖాదర్‌బీ సంగతి కోటేశ్వర్‌తో మాట్లాడతాను. సభ్యత్వం ఉంచమని అడుగుతాను. అడగవచ్చు.

జూలై 21, సోమవారం

ప్లాను బెంగళూరుకు, నకలు సంస్థకు పంపి, అచ్చు తీసి షెడ్డు గోడకు అంటించాను. ఎవరికి ఏ పని, ఏ రోజుకు ఎన్ని అని అందరికీ తెలియాలని. "రోజుకు ఎన్ని" అన్న గడి దాచి అచ్చు తియ్యాల్సింది. మరిచిపోయాను.

బస్సు ఎక్కాక గుర్తొచ్చింది.

జూలై 22

మరిచిపోలేదు. దాచే బొత్తాం మీద పెట్టిన వేలు నొక్కకుండానే తీసేశాను. చూడాలని ఉంది, ఆ పని ఎంత బాగా కుదిరిందో ఎవరైనా చూడాలని.

జూలై 23, బుధవారం

గోడ ముందు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. నగ్మా గట్టిగా చదువుతోంది.

"పంతొమ్మిది, ఆపా! పంతొమ్మిది చేస్తుండావా నువ్వు? నాది పదిహేడు. శీనమ్మక్కది పది. ఇన్నాళ్ళూ పన్నెండు కూలికి పదిహేడు చేసినానా నేను?"

శీనమ్మ తల దించుకుంది. "నా నడుం నీకేం తెలుసు పాపా?"

"నాకు తెలవదు. తెలవకపోబట్టే ఊరుకున్నా. నానీకి ఏస్తుండామని తెలుసు, దానికి నేనెప్పుడైనా కాదన్నానా? కానీ నీకు కూడా ఏస్తుండానని నాకు తెలవదు గదా."

దిల్షాద్ ఆపా, "చాలించు," అంది.

"మా అమ్మ షుగరుకు మందులు కొనాల ఆపా. నాది నాకు రాయమను." నా వైపు తిరిగింది. "మేడం, పదిహేడు రాసినావు గదా. పదిహేడే రాయి."

తప్పేముంది ఆ పిల్ల మాటలో? ఇంటికొచ్చేదాకా వెతికాను. దొరకలేదు.

సాయంత్రం దుప్పటి పరవలేదు.

జూలై 25, శుక్రవారం

ఖాదర్‌బీ సభ్యత్వం ఉంచమని కోటేశ్వర్‌ను అడిగాను. "అంకె మీరే పంపినారు గదా మేడం. ఇప్పుడు సంస్థ వాళ్ళకు ఏమని చెప్పాల?" నిజంగానే బాధపడ్డాడు. అతనికి ముందే తెలుసు. మూడేళ్ళు తెలిసి, పన్నెండు అని రాసుకున్నాడు.

జూలై 28, సోమవారం

ఖాదర్‌బీ వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మం పక్కన చెక్కల మోపు మీద కూర్చుంది. లోపల ఏడో పట్టా ఖాళీగానే ఉంది, ఎవరూ జరగలేదు. అలాగని రమ్మని కూడా ఎవరూ అనలేదు. తలెత్తితే చేతిలో పని ఆగుతుంది. ఆగితే సాయంత్రానికి ఒకటి తగ్గుతుంది.

నేను పోయి పక్కన నిలబడ్డాను. "లోపలికి రా నానీ."

"వద్దమ్మా. లోపల అందురూ లెక్క పెట్టుకుంటుండారు. మాటలాడితే తప్పిపోతాది."

చీరకు అంటిన చెక్కపొట్టు దులుపుకుని, "నీ ఉద్యోగం నిలిచిందా?" అంది.

"ఇంకా తెలియదు."

"నిలుస్తాది. నేను పట్టిన రొట్టె అబద్ధం కాదు."

జూలై 29

రాలేదు.

జూలై 30

రాలేదు.

జూలై 31

సంతకం పెట్టాను. ఏడాది పొడిగింపు.

ఆగస్టు 4, సోమవారం

గోడ మీది కాగితం చింపేశాను. కంప్యూటర్లో పదకొండు వరుసల్లోనూ మళ్ళీ పన్నెండు కొట్టాను. కొత్త కాగితం తీసి దిల్షాద్ ఆపాకు చూపించాను.

చాలాసేపు చూసింది. ఆమెకు చదువు రాదు, అంకెలు మాత్రం తెలుసు.

"ఇది నేను నెల ముందు అడిగినాను గదమ్మా."

"ఇప్పుడు పెడదాం ఆపా. అందరూ ఒప్పుకుంటే..."

"ఎవురు ఒప్పుకుంటారు? అప్పుడు తలా ఒకటి ఏస్తే ఎవురు ఎంత ఏసినారో ఎవురికీ తెలవదు. ఇప్పుడు ఏస్తే అది ధర్మం అయితాది. శీనమ్మ తీసుకుంటాదా నగ్మా చేతి ధర్మం? నానీ తీసుకుంటాదా?" కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "నేను కూడా పంతొమ్మిది అని చూసినాక... ఏం చెప్పేది. నాకూ ఒక మాదిరిగా ఉండాది."

ఆమె ఒక మాదిరి అని దేన్ని అన్నదో నాకు తెలుసు. నాకూ అలాగే ఉండింది, జూలై 19న.

ఆగస్టు 11, సోమవారం

రోజుకు నూటా నలభై ఒకటి వస్తున్నాయి. శీనమ్మ ఇంటి నుంచి చేసి పంపుతోంది. షెడ్డులో ఆకురాయి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చెక్క సమయానికి వస్తోంది, మస్తానయ్యకు మంచి కండక్టరు దొరికాడు.

ఆగస్టు 14, గురువారం

నేను అంకెలే రాశాను. అంకెలు నేను పుట్టించలేదు.

అదే మాట ఆ కాలేజీ ప్రిన్సిపాల్ కూడా అన్నాడు. నలుగురే ఉన్నారమ్మా, నేను పుట్టించానా అని.

ఆగస్టు 18, సోమవారం

మూడు వేలు శనివారమే పూర్తయ్యాయి. గడువుకు నాలుగు రోజుల ముందు. తిరస్కరణలు తక్కువ. బెంగళూరు వాళ్ళు మెచ్చుకుంటూ రాశారు, ఈ మోడల్ ఇంకో రెండు సొసైటీలకు కూడా చేసి పెట్టమన్నారు. కలిగిరిలో ఒకటి అట. కోటేశ్వర్ లడ్డూలు తెప్పించాడు. పది మందికి, నాకు, తనకు, పన్నెండు లడ్డూలు. డబ్బా విప్పి ఒక్కొక్కరి చేతిలో పెడుతూ ఏడో పట్టా దగ్గర అలవాటుగా వంగాడు. మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు.

ఆగస్టు 22, శుక్రవారం

సాయంత్రం బస్సు వదిలేసి ఖాదర్‌బీ ఇంటికి పోయాను. కొండ వైపు సందులో ఒకే గది. తలుపు తీసే ఉంది. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, గోడ వైపు తిరిగి కాదు, వీధి వైపు. దిల్షాద్ ఆపా రోజూ అన్నం పంపుతుందని చెప్పింది. నగ్మా కూడా వస్తుందట, తల దువ్వి పోతుందట. "మంచి పిల్ల. నీ మీద కోపంగా ఉండాది. పోతాదిలే."

ఒడిలో చెక్క ఉంది. నేను జూలైలో ఇచ్చిన ఇరవైలో ఒకటి. పెన్సిలుతో నేను రాసిన 07 ఇంకా కనిపిస్తోంది.

"సొసైటీది కదా, తిరిగి ఇచ్చేయమంటావా?" అని అడిగింది.

"ఉంచుకో నానీ."

"లెక్క తప్పిపోదా?"



ఆగస్టు 25, సోమవారం

కొత్త నెలకు పట్టికలు శుభ్రం చెయ్యాలి. సంస్థ నుంచి కాగితం వచ్చింది, సభ్యులు పది మంది.

ఏడో వరుస ఎంచుకుని తీసివేయి అన్నాను. తెర మీద వచ్చింది: ఈ వరుసను తీసివేయడం కుదరదు. దీని మీద ఇతర వరుసలు ఆధారపడి ఉన్నాయి.

నేను పెట్టిన గొలుసే. మూడేళ్ళ పాత పుస్తకాలన్నీ ఎక్కించాను కదా, అందులో ఆమె చెయ్యని పన్నెండులన్నీ ఆమె పేరు మీదే ఉన్నాయి. ఆ వరుస తీస్తే అవన్నీ ఎవరివీ కాకుండా పోతాయి.

తియ్యడం కుదరదు కాబట్టి మూయాలి. మానిన తేదీ. తప్పనిసరి.

చెయ్యి వణకడం మొదలైన రోజు వెయ్యవచ్చు. అది ఎవరికీ తెలియదు. చివరిసారి గుమ్మం దాకా వచ్చిన జూలై 28 వెయ్యవచ్చు. కోటేశ్వర్‌ను అడిగితే సంస్థ కాగితం మీది తేదీ వెయ్యమంటాడు.

జూలై 21 అని కొట్టాను. నేను గోడకు కాగితం అంటించిన రోజు.

వచ్చే ఏడు నెల్లూరు పోయి చెరువులో నిలబడి ఉద్యోగం రొట్టె ఎవరికో ఇవ్వాలి. నీకు ఎవరు పట్టి ఇచ్చారమ్మా అని వాళ్ళు అడుగుతారు. అడగకపోవచ్చు కూడా.

తేదీ పక్కన ఇంకో గడి ఉంది, మానిన కారణం. ఖాళీగా వదిలినా తీసుకుంటుంది. జూన్ 18న నేనే అలా పెట్టాను.

తీసుకుంది.